నాణేఘాట్ కాలిబాటలో ఒక రోజు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను శాతవాహనుల గూర్చి మాట్లాడమన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పయి ఆరేళ్లు ఒక ఆఫీసులో లెక్కలు వ్రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాజుల వంశావళి మీకు అప్పగించటం నా వల్ల అయ్యే పని కాదు. అప్పగించినా వినే ఓపిక మీకుండదు. లోపల వంటల వాసన ఇక్కడిదాకా వస్తున్నది గదా. అంచేత శాతవాహనుల కాలం నాటి ఒక దారిని గూర్చి, ఆ దారిని 2024 జనవరిలో మేమిద్దరం, అనగా నేనూ మా ఆవిడా, ఒక పగలంతా నడిచిన సంగతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మన కల్యాణ్ నుంచి తూర్పుగా చూస్తే, వాన కడిగిన మర్నాడు, ఆకాశం అంచున ఒక నీలపు గోడ కనిపిస్తుంది. అది సహ్యాద్రి. ఆ గోడకు ఇవతల కొంకణం, అవతల దక్కను పీఠభూమి. గోడ అన్నానంటే ఊరికే అనలేదు. చాలాచోట్ల నిట్టనిలువుగా, మేక కూడా ఎక్కలేనట్టు ఉంటుంది. దాన్ని దాటటానికి పూర్వం కొన్ని కనుమలే ఉండేవి. వాటిలో ఒకటి నాణేఘాట్. జున్నరు పట్టణానికి పడమరగా, సముద్రమట్టానికి సుమారు 2,750 అడుగుల ఎత్తున ఉన్నది. మరాఠీలో ‘నాణే’ అంటే డబ్బు, నాణెం. మన నాణెమూ వాళ్ల నాణేమూ ఒకటేనని వేరే చెప్పనక్కరలేదు. సోపారా, కల్యాణ్ రేవులనుంచి సరుకు ఈ కనుమ ఎక్కి జున్నరుకూ, అక్కడినుంచి గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానానికీ, అంటే నేటి పైఠణుకూ చేరేది. ఎక్కేవాళ్లు సుంకం చెల్లించేవారట. ఆ సుంకం మూలాన ఆ పేరు వచ్చిందంటారు.

ఇక మేమెందుకు వెళ్లామన్నది. ఇంటి సంగతులు సభలో చెప్పరాదంటారు. కాని ఈ సంగతి మీలో సగంమంది ఇళ్లలో ఉన్నదే కాబట్టి దాచవలసిన పని లేదు.

మా తాతగారు నల్లగొండ జిల్లా నుంచి మగ్గం విడిచి బొంబాయి మిల్లుకు వచ్చినవారు. పరేలు చాలులో ఒక్క గదిలో కాపురం. మా నాయనగారు ఆ మిల్లులోనే పనిచేశారు. 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మెతో ఆ పనీ పోయింది, కొన్నాళ్లకు మిల్లూ పోయింది. మేము కల్యాణ్ చేరాము. ఇవన్నీ ఎట్లా ఉన్నా, మా ఊరు ఏదంటే నేటికీ నా నోట నల్లగొండ జిల్లా అనే వస్తుంది. మా ఆవిడ షోలాపూరు పిల్ల. వాళ్ల ముత్తాతల నాడే అక్కడ స్థిరపడ్డారు. ఆమె చదివింది మరాఠీ బడి, పాఠాలు చెప్పింది మరాఠీ బడి. ఇంట్లో తెలుగే గాని, తెలుగు అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. నేను పదవీ విరమణ చేసిన మర్నాటినుంచి మా మధ్య ఒకటే మాట నలుగుతున్నది. మా పెదనాయన కొడుకు ఊళ్లో మా ఇంటి పక్కనే నాలుగు వందల గజాల స్థలం ఇస్తానన్నాడు. తీసుకుని చిన్న ఇల్లు వేసుకుని వెళ్లిపోదామని నేను. ‘మీ నల్లగొండల నాకెవరున్నరు చెప్పండి?’ అని ఆమె. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమని అతను కబురు పెట్టాడు.

అటువంటి రోజుల్లో ఒక శనివారం సాయంత్రం ఆమే అన్నది, ‘ఇంట్ల కూసుని ఎంతసేపు కొట్లాడుతం? రేపు నాణేఘాట్ పోదం పదండి. ఇన్నేండ్లు పిల్లలకు పాఠం చెప్పిన గాని కండ్లతోని చూడలే.’ నాకు అప్పటికి అరవై మూడు, ఆమెకు యాభై ఎనిమిది. ఆమెకు ఎడమ మోకాలు నొప్పి. వద్దన్నాను. వద్దంటే మానే మనిషి కాదు.

తెల్లవారుజామున కల్యాణ్ బస్టాండులో ముర్బాడు మీదుగా వెళ్లే ఎస్.టి. ఎర్ర బస్సు ఎక్కాము. 2023 మార్చి నుంచి రాష్ట్రమంతటా ఆ బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్టే. ఆమెది సగం, నాది నిండు. ‘చూసిన్రా, సర్కారు గూడ నా దిక్కే’ అన్నది. ముర్బాడు, టోకావడే దాటి వైశాఖరే అనే ఊరు వస్తుంది. అది దాటిన కొంతసేపటికి నాణేఘాట్ దారి మొదలయ్యేచోట దింపమంటే కండక్టరు దింపుతాడు. మేము దిగేసరికి ఎనిమిది.

మొదటి అరగంట దాదాపు సమతలం. టేకుచెట్లు ఆకులు రాల్చుతున్నాయి; ఒక్కొక్క ఆకు విస్తరంత. వాటిమీద నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. నడుమ ఒక వాగు. వానాకాలం మోకాలిలోతు పారుతుందట, మేము రాళ్లమీద కాలు పెట్టి దాటాము. అక్కడ కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ ఎదురుగా దిగి వచ్చింది. కాలికి చెప్పు లేదు. మమ్మల్ని, మా భుజాన ఉన్న సంచుల్ని, నా చేతిలో కొత్త కర్రను చూసి నవ్వి, పైన పని ఏమిటని అడిగింది. మా ఆవిడ మరాఠీలో, లేణి చూడటానికి పోతున్నామన్నది. ‘దానికోసమా ఇంత కష్టం!’ అన్నట్టు తల ఊపి వెళ్లిపోయింది. ఆమె రోజూ నడిచే దారి అది. మనకు విహారమైనది ఇంకొకరికి కట్టెల దారి అన్నమాట.

తరువాత ఎక్కుడు మొదలవుతుంది. మొత్తంమీద రెండు వేల అడుగులకు పైగా ఎక్కాలి. వయసులో ఉన్నవారు రెండున్నర గంటల్లో పైకి చేరుతారు. మాకు నాలుగు గంటలకు కాస్త తక్కువ పట్టింది. తొందరపడేవారికి ఒక్క మాట: ఎక్కేటప్పుడు మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవండి. మాట ఆగిపోయిందంటే మనిషి ఆగాలి. ఈ లెక్క నాకు మా ఆవిడే చెప్పింది, బడిపిల్లలను కొండలకు తీసుకువెళ్లిన అనుభవంతో. ఆమెకు మాట ఆగటమన్నది అరుదు కాబట్టి నేనే ఎక్కువసార్లు ఆగాను.

సగందూరం పోయాక నేల మారుతుంది. అప్పటిదాకా మట్టి బాట, తరువాత పరిచిన రాళ్లు, రాతిమెట్లు. నల్లని రాయి, రెండు వేల ఏళ్ల పాదాలకూ, డెక్కలకూ నున్నగా అరిగి, కొన్నిచోట్ల అద్దంలా మెరుస్తున్నది. ఎద్దుల మీద, గాడిదల మీద సరుకు ఈ మెట్లమీదే ఎక్కింది. మనవాళ్లలో నేతపని తెలిసిన కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక చెబుతున్నాను. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకుభాషలో వ్రాసిన ఒక సముద్రయాన గ్రంథం, పెరిప్లస్ అంటారు, పైఠణునుంచీ తగరనుంచీ బండ్లమీద భరుకచ్ఛం రేవుకు సరుకు దిగేదని చెబుతుంది. తగర సరుకులో ముఖ్యమైనవి బట్టలు, ముతకవీ సన్నవీ. తగర అంటే నేటి తేర్ గ్రామం. మా అత్తవారి షోలాపూరుకు దూరం కాదు. అదే గ్రంథంలో మన కల్యాణ్ రేవు పేరూ ఉన్నది. మనం ‘బతకటానికి ఇక్కడికి వచ్చాము’ అనుకుంటాము. మన చేతి పని మనకంటే ఎంతో ముందు వచ్చింది.

ఇంకొక ముక్క కూడా ఇక్కడే చెబుతాను, మళ్లీ మరచిపోతాను. నాసిక్ దగ్గరి గుహలో ఒక శాసనం ఉన్నది. నహపానుడనే క్షత్రప రాజు అల్లుడు ఉషవదాతుడు భిక్షువుల నిమిత్తం 3,000 కార్షాపణాలు వేరుగా ఉంచి, 2,000 ఒక సాలెవారి సంఘంలో, 1,000 ఇంకొక సాలెవారి సంఘంలో వడ్డీకి వేశాడు. రాజు అల్లుడు నేతగాళ్ల దగ్గర డబ్బు దాచుకున్నాడంటే వాళ్ల పరపతి ఎంతటిదో ఊహించుకోండి. నేను లెక్కలు వ్రాసినన్నాళ్లూ నేతసంఘాలే అప్పుకోసం తిరగటం చూశాను.

ఎక్కుతున్నంతసేపూ మా వాదన సాగుతూనే ఉన్నది. మెట్టుకొక మాట. ఊళ్లో నీళ్లున్నాయి, గాలి ఉన్నది, మనవాళ్లున్నారు అని నేను. మోకాలికి డాక్టరు ఉన్నాడా, పుణేలో ఉన్న బిడ్డ పురిటికి పిలిస్తే ఎన్ని గంటల్లో చేరుతాము అని ఆమె. ఊళ్లో మనల్ని ‘బొంబాయోళ్లు’ అంటారు, ఇక్కడ ‘తెలుగువాళ్లు’ అంటారు. ఏ పేరుతో చావాలో చెప్పమని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఊపిరి ఆడటం లేదన్నట్టు ఒక బండమీద కూర్చున్నాను. ఎదురుగా కొండకొన నిటారుగా, పిడికిలి బిగించి ఎత్తిన బొటనవేలులా నిలబడి ఉన్నది. దాన్ని ‘నానాచా అంగఠా’ అంటారు, నానా బొటనవేలని అర్థం. గుహ సరిగ్గా దాని కిందనే.

గుహ ముందుకు చేరేసరికి పన్నెండు కావస్తున్నది. దారికి పక్కనే రాతిలో తొలిచిన నీటి తొట్లు. గుహ పెద్దదేమీ కాదు; మన సంఘం హాలులో సగానికంటే తక్కువ. మూడు వైపులా గోడల వెంబడి రాతి అరుగు. బాటసారులు విశ్రమించటానికని తోస్తుంది. బయట ఎండ మండుతున్నా లోపల నేల చల్లగా ఉన్నది. ఎడమ గోడమీద, కుడి గోడమీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత భాషలో పెద్ద శాసనం. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దానిదని కొందరు, ఇంకా ముందుదని కొందరు. 1828 వేసవిలో సైక్స్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఈ కొండల్లో నడుస్తూ దీన్ని గమనించాడు. తరువాత పండితుడు భగవాన్‌లాల్ ఇంద్రజీ పరిశీలించారు. బ్యూలర్ అనే జర్మను పండితుడు పాఠాన్ని సరిచేసి 1883లో ప్రకటించాడు.

ఈ శాసనం ఒక ఆడమనిషి వ్రాయించినది. ఆమె పేరు నాగనిక. శాసనంలో నాయనిక అని ఉన్నది. మొదటి శాతకర్ణి మహారాజు భార్య. ఒక మహారథి కుమార్తె. ధర్మునికి, ఇంద్రునికి, సంకర్షణ వాసుదేవులకు, సూర్యచంద్రులకు, నలుగురు దిక్పాలకులకు నమస్కారంతో శాసనం మొదలవుతుంది. తరువాత భర్తతో కలిసి చేసిన యజ్ఞాలు, అశ్వమేధం, రాజసూయం మొదలైనవి, ఒక్కొక్కదానికి ఇచ్చిన దక్షిణలు. ఆవులు, ఏనుగులు, గుర్రాలు, వెండి, ఊళ్లు, నాణేలు. ఆమెను గురించి, నెలలు ఉపవాసముండేదని, ఇంట ఉండి తపస్విని వలె బతికేదని ఉన్నది. అంటే భర్త పోయిన తరువాత కొడుకుల తరఫున రాజ్యభారం వహించిన రోజుల్లో దీన్ని చెక్కించిందని పండితుల అభిప్రాయం. పిల్లలకు పాఠం చెప్పిన అలవాటుకొద్దీ మా ఆవిడ ఈ సంగతులన్నీ గోడ ముందు నిలబడి నాకు చెప్పింది. నేను బుద్ధిగా విన్నాను.

నన్ను పట్టుకున్నవి మాత్రం అంకెలు. లెక్కలవాణ్ణి గదా! భారతదేశంలో అంకెలు ఇన్ని ఒకేచోట కనిపించే అతి ప్రాచీన శాసనాల్లో ఇది ఒకటి. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకు రెండు అడ్డగీతలు. నూటికి ఒక గుర్తు, వెయ్యికి వేరొక గుర్తు. వాటికి చిన్న అంకెలను తగిలించి పెద్ద సంఖ్యలు చేశారు. సున్న లేదు. సున్న లేకుండానే 1,700 వ్రాశారు, 24,400 వ్రాశారు. నేను ముప్పయి ఆరేళ్లు వ్రాసిన చిట్టాల్లో సున్నలు తీసివేస్తే ఏమి మిగులుతుందా అని ఆలోచించాను. రాయి పెచ్చులు ఊడి చాలాచోట్ల అక్షరాలు పోయాయి. పోనివాటి మీద మనవాళ్లు, అంటే ఇటీవలి దేశభక్తులు, బాణం గుచ్చిన హృదయమూ తమ పేర్లూ గీకి పెట్టారు. నాగనిక చెక్కించిన వ్రాత రెండు వేల వానలు తట్టుకుంది. ఈ గీతలను తట్టుకుంటుందో లేదో.

వెనుక గోడన ఒకప్పుడు రాజకుటుంబం విగ్రహాలుండేవి. ఇప్పుడు పాదాల గుర్తులు, పైన పేర్లు మిగిలాయి. సిముక శాతవాహనుడు, కుమారులు, మహారథి. అందులో ఒక పేరుపట్టీ దగ్గర మా ఆవిడ ఆగింది. అక్కడ ఇద్దరి పేర్లు కలిపి ఉన్నాయి: దేవి నాయనిక, రాజు శ్రీ శాతకర్ణి. దేవి పేరు ముందు, రాజు పేరు తరువాత. ‘చూడండి, రాణి పేరే ముందున్నది’ అన్నది. ఊరకే అన్నదనుకున్నాను.

అప్పుడే పైనుంచి కాలేజీ పిల్లలు పదిమంది దిగారు. అవతలి వైపు జున్నరునుంచి కనుమ పైదాకా మోటారు రోడ్డు ఉన్నది. వాళ్లు జీపులో వచ్చారు. మంచి పిల్లలు. పెద్దవాళ్లం కింది దారిన నడిచి వచ్చామని తెలిసి చేతులెత్తి దండం పెట్టారు. ఒక కుర్రవాడు, ‘కాకా, మీది ఏ ఊరు?’ అని మరాఠీలో అడిగాడు. నేను ‘నల్లగొండ, తెలంగాణ’ అన్నాను. అదే క్షణాన ఆమె ‘షోలాపూర్’ అన్నది. ఇద్దరి మాటా ఒకేసారి పడింది. ఆ పిల్లవాడు ఇద్దరి ముఖాలూ చూసి నవ్వాడు.

మాటల్లో వాడు, శాతవాహనులు తమ మహారాష్ట్ర రాజులని గర్వంగా చెప్పాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పురాణాలు వాళ్లను ఆంధ్రులన్నాయని, సిముకుని నాణేలు జగిత్యాల దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికాయని, ధాన్యకటకం సంగతేమిటని అడిగాను. వాడూ తక్కువవాడు కాడు. పైఠణు ఎక్కడున్నది, ఈ గుహ ఎక్కడున్నది, తమ శాసనాల్లో వాళ్లు తమను ఆంధ్రులని ఎక్కడ చెప్పుకున్నారు అని ఎదురడిగాడు. నిజమే, చెప్పుకోలేదు. వాదం ముదురుతుండగా మా ఆవిడ అరుగుమీద కూర్చుని కాలు నిమురుకుంటూ, ‘ఆ గోడ మీదున్నది మరాఠీ కాదు, తెలుగు కాదు. మీ ఇద్దర్ల ఎవరికీ సదవరాదు. ముందు నీళ్లు తాగుండ్రి’ అని ముందు నాకు తెలుగులో, తరువాత వాడికి మరాఠీలో చెప్పింది. పిల్లలంతా గొల్లున నవ్వారు.

ఈ వేదికమీద ఆ వాదాన్ని మళ్లీ మొదలుపెట్టటం నాకు ఇష్టం లేదు. నా మటుకు నాకు తోచిందేమంటే, ఆ రాజులు గోదావరి పుట్టినచోటునుంచి సముద్రంలో కలిసేదాకా ఏలారు. నది ఎవరిదని అడిగితే ఏ ఊరివాడు ఆ ఊరి రేవు చూపిస్తాడు. మనం ఈ రోజు పూజలో ‘శాలివాహన శకే’ అని సంకల్పం చెప్పుకున్నాము. మన పొరుగింటివారు ఇదే రోజున గుడి ఎత్తి, పాడ్వా అని, ఆ శకాన్నే చెప్పుకున్నారు. ఆ శకం క్రీస్తుశకం 78లో మొదలైంది. శాలివాహనుని పేరు దానికి తగిలింది చాలా శతాబ్దాల తరువాత. అయినా రెండు ఇళ్లలోనూ ఒకే లెక్క నడుస్తున్నది. లెక్కలవాడికి అంతకంటే ఏమి కావాలి?

గుహ దాటి ఇరుకైన రాతి సందులోంచి మెట్లెక్కితే పీఠభూమి. అక్కడ ఒకే రాయిని తొలిచి చేసిన పెద్ద కాగు ఉన్నది. సుంకం నాణేలు అందులో వేయించేవారని చెబుతారు. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. డబ్బు వసూలు చేసేవాడెవడూ మూతలేని కాగులో, దారిపక్కన, రాత్రింబగళ్లు డబ్బు ఉంచడని నా వృత్తి నాకు చెప్పింది. దాహానికి నీళ్లు పోసి ఉంచారేమో. కాని ఆ పిల్లల ముందు ఈ అనుమానం బయటపెట్టలేదు. అప్పటికే ఒక వాదం అయింది.

గట్టు అంచున నిలబడితే పడమరగా కొంకణమంతా కాళ్ల కింద పరచినట్టుంటుంది. పొలాలు, ఊళ్లు, వాటి వెనుక పొగమంచు. పక్కనే జీవధన్ కోట కొండ. వానాకాలంలో ఇక్కడి జలపాతం కిందికి పడదు. లోయలోంచి ఎగసివచ్చే గాలి నీటిని వెనక్కు, పైకి ఎగరగొడుతుంది. దాన్ని చూడటానికి వేలమంది వస్తారు, అంచున జారి పడే ప్రమాదమూ అప్పుడే. వెళ్లదలచినవారు నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లటం మంచిది. నీరు లేకపోయినా కొండ కనిపిస్తుంది.

నీడ చూసుకుని మూట విప్పాము. షోలాపూరు పద్ధతిన కడక్ జొన్నరొట్టెలు, పల్లీల కారప్పొడి, ఉల్లిగడ్డ. నాకోసం కొంచెం పులిహోర. తింటూ నేను ఆ పీఠభూమి వాలు చూస్తున్నాను. అక్కడ పుట్టే వాగులు తూర్పుగా పారి కుకడి నది అవుతాయి. కుకడి ఘోడులో కలుస్తుంది, ఘోడు భీమలో, భీమ కృష్ణలో. గట్టుకు ఇవతల పడిన చినుకు ఉల్హాస్ నదివైపు దిగి మన కల్యాణ్ పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. అవతల పడినది వందల మైళ్లు నడిచి నాగార్జునసాగరు చేరుతుంది. ఎడమ కాలువలో పడితే నల్లగొండ పొలాలకు పోతుంది. రెంటికీ మధ్య ఆ గట్టు వెడల్పు జానెడు.

ఈ మాట ఆమెతో అన్నాను. అంటే మా ఊరి నీళ్లు ఇక్కడినుంచి వస్తున్నాయని చూపించి, మళ్లీ స్థలం మాట ఎత్తుదామని నా ఎత్తుగడ. ఆమె రొట్టె నమలటం ఆపి కొంతసేపు ఆ వాలునే చూసింది. ‘భీమ మా షోలాపూర్ జిల్లాలకెల్లి పోతది. మీ ఊరికి పోయే నీళ్లు మా అమ్మగారింటి ముందటినుంచే పోతయన్నట్టు’ అన్నది. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

రెండున్నరకు దిగటం మొదలుపెట్టాము. జనవరిలో ఆరు దాటగానే చీకటి పడుతుంది, లోయలో ఇంకా ముందే. ఎంత బాగున్నా రెండున్నర తరువాత పైన ఉండరాదు; ఇది మీరు గుర్తుంచుకోవలసిన మాట. దిగటం ఎక్కటంకంటే కష్టం. నున్నటి రాళ్లమీద ఎండుటాకు జారుతుంది. ఆమె మోకాలు సగం దారిలో పట్టేసింది. నా కర్ర ఆమెకిచ్చాను. మరీ నిట్టగా ఉన్నచోట నేను ఒక మెట్టు ముందు దిగి నిలబడితే, ఆమె నా భుజంమీద చెయ్యి వేసి దిగింది. మా పెళ్లయి ముప్పయి నాలుగేళ్లు. నలుగురిలో ఆమె నా భుజంమీద చెయ్యి వేసింది లేదు. ఇక్కడా నలుగురు లేరనుకోండి, కొండముచ్చులు తప్ప.

అట్లా ఒక మెట్టుమీద ఆగి, ఊపిరి పీల్చుకుని, ఆమె అన్నది: ‘స్థలం తీసుకోండి. ఇల్లు కట్టుడు, పోవుడు, ఆ ముచ్చట తరువాత. కాని కాగితంల ఇద్దరి పేర్లు ఉండాలె. నా పేరు ముందు రాయించాలె.’

నాకు వెంటనే అర్థం కాలేదు. తరువాత ఆ పేరుపట్టీ గుర్తుకొచ్చింది. ‘నీకు అక్కడెవరున్నారన్నావు గదా?’ అన్నాను. ‘పేరుంటె ఉన్నట్టే గద’ అన్నది.

అయిదు దాటి రోడ్డు చేరాము. కల్యాణ్ బస్సు వచ్చేదాకా గంటకు పైగా గట్టుమీద కూర్చుని చాయ్ తాగాము. ఆ మార్చిలో ఊరికి వెళ్లి రిజిస్ట్రీ చేయించాము. వ్రాసే ఆయన అలవాటు ప్రకారం నా పేరు ముందు వ్రాయబోతే ఆపి సరిచేయించాను. మా పెదనాయన కొడుకు ఇదేమి వింత అన్నట్టు చూశాడు గాని ఏమీ అనలేదు. ఇల్లు ఇంకా కట్టలేదు. మా బిడ్డకు కొడుకు పుట్టాడు. మేము ప్రస్తుతం నెలకు పదిహేను రోజులు పుణేలో ఉంటున్నాము. స్థలంలో మావాళ్లు ఈ ఏడు కందులు వేశారు, పది కిలోల పప్పు పంపారు.

కార్యదర్శిగారు వచ్చే డిసెంబరులో ఒక ఆదివారం సంఘం తరఫున కుటుంబాలను నాణేఘాట్ తీసుకుపోదామంటున్నారు. మోకాళ్లు బాగున్నవారు మాతో కింది దారిన నడవవచ్చు. నడవలేని పెద్దలను జున్నరు వైపునుంచి వాహనంలో పైకి చేర్చి, గుహ దగ్గర అందరం కలుసుకోవచ్చు. అయితే అక్కడినుంచి గుహకు కొన్ని మెట్లు దిగాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి, దారిలో దొరకవు. పట్టున్న అడుగు గల బూట్లు వేసుకోండి, కొత్తవి వద్దు. పిల్లలను తప్పక తీసుకురండి. వాళ్లకు గోడమీది పాఠం మా ఆవిడ చెబుతుంది, మరాఠీలోనూ తెలుగులోనూ. రాదలచినవారు ఈ సాయంత్రమే కార్యదర్శిగారి దగ్గర పేర్లు వ్రాయించండి. దంపతులు వస్తే ఎవరి పేరు ముందు వ్రాయించాలో ఇంట్లో తేల్చుకుని మరీ వ్రాయించండి.

సెలవు.